ఎనిమిదేళ్ళు వెనక్కి

హాస్టలు, రెండో అంతస్తు
జూన్ 4

బాబాయ్,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే "గొంతు కోసినా ఉత్తరం రాస్తున్నాను, చూడు" అంటావు. కుట్లు విప్పారని పిన్ని చెప్పింది. నువ్వున్న కేన్సరు ఆస్పత్రి వార్డులోకి ఫోన్లు రానివ్వరట. రానిచ్చినా నీకు మాట రాదు. కాబట్టి మనిద్దరికీ ఇక ఉత్తరాలే గతి. నిజం చెప్పనా, నాకు లోపల్లోపల సంతోషంగానే ఉంది. ఈ హాస్టల్లో ఉత్తరం రాసుకునే మనిషి ఉన్నది నాకొక్కదానికే. స్టాంపు అంటిస్తుంటే మా గదిలో అమ్మాయిలంతా గుమిగూడి చూశారు.

మన ఆస్పత్రి ల్యాబులో నీ కుర్చీలో కూర్చుని నేటికి ఐదు వారాలు. ట్రైనింగుకి వచ్చిన స్టూడెంటుకి కుర్చీ ఇవ్వడమేమిటని మొదట్లో మేనేజరు నసిగాడు. కానీ నువ్వు లేవు, మిగిలిన ఒక్క టెక్నీషియను వార్డుల్లో రక్తం తీయడానికే చాలడం లేదు. దాంతో రక్తపరీక్షల మిషనూ, దాని పక్కనున్న నీ పాత కంప్యూటరూ నా నెత్తిన పడ్డాయి. పిన్ని దాన్ని "నా సవతి" అని ఎందుకంటుందో ఇప్పుడు అర్థమైంది. పొద్దున లేపడానికి పావుగంట బతిమాలాలి.

అసలు విషయానికొస్తాను. మొన్న హెడ్డాఫీసు నుంచి నెట్‌వర్క్ ఆయన వచ్చాడు. కంప్యూటరుని చూసి, "మ్యూజియం టికెట్టు ఎక్కడిస్తారమ్మా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది కానీ నీ తరఫున నవ్వలేదు. దీని ఆపరేటింగ్ సిస్టమ్‌కి రక్షణ అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్ళయిందట. దీన్లోంచి ఒక్క వైరస్ దూరితే ఆస్పత్రి మొత్తం మూతపడుతుందట. కాబట్టి ఈ నెల ముప్ఫైలోగా కొత్త సిస్టమ్ వేయించుకోవాలి, లేదా ఆయనే వచ్చి నెట్‌వర్క్ కేబుల్ పీకేస్తాడు. కొత్తది వేస్తే డిస్కు మొత్తం తుడిచెయ్యాలి. మన ల్యాబు ప్రోగ్రాము కొత్త సిస్టమ్‌లో నడవదు, అందులో ఉన్న పాత ఫలితాలు కూడా పోతాయి. "నీ ఇష్టం, ఎవరినైనా అడిగి చెప్పు" అన్నాడు. మేనేజరుని అడిగితే "మీ బాబాయి ఏమంటాడో కనుక్కో" అన్నాడు. అందుకని అడుగుతున్నాను. వేయించమంటావా, వద్దంటావా?

ఇంకో ప్రశ్న. మానిటరు కింద నువ్వు అంటించిన చీటీలో "పొద్దున తేదీ ఎనిమిదేళ్ళు వెనక్కి పెట్టు, తర్వాతే ప్రోగ్రాము తెరువు, సాయంత్రం మామూలు చెయ్యి" అని ఉంది. ఐదు వారాలుగా రోజూ చేస్తున్నాను. రోజూ పొద్దున నేను పదకొండేళ్ళ పిల్లనైపోతున్నాను. ఎందుకో మాత్రం తెలియదు.

జవాబు పెద్దదిగా రాయి.

నీ వాగుడుకాయ

* * *

వార్డు, కిటికీ పక్క మంచం
జూన్ 11

వాగుడుకాయా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి పక్క మంచం లారీ డ్రైవరు లాక్కుని చదివాడు. అతనికీ గొంతు తీసేశారు. ఇద్దరం పలకల మీద పోట్లాడుకుంటాం. నర్సమ్మ చూసి, "ఇంత నిశ్శబ్దంగా కొట్టుకునేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు" అంటుంది. అతని అక్షరాలు కోడి గీకినట్టుంటాయి కాబట్టి సాధారణంగా నేనే గెలుస్తాను.

అప్‌గ్రేడ్ వద్దు. అంతే.

కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు. ఆ నెట్‌వర్క్ ఆయన జీవితంలో ఒక్క రక్తం చుక్కని పరీక్ష చేశాడా? మన మిషను ఆ ప్రోగ్రాముతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడదు. ఆ ప్రోగ్రాము ఆ పాత సిస్టమ్ మీద తప్ప నిలబడదు. ఒక ఇటుక లాగితే గోడ మొత్తం కూలుతుంది. కొత్త మిషను కొనమని నేను మూడుసార్లు రాశాను. మూడుసార్లూ "వచ్చే ఏడాది" అన్నారు. ఇప్పుడు కొత్త సిస్టమ్ వేస్తే రేపు పొద్దున వరసలో నిలబడ్డ జనానికి ఎవరు జవాబు చెబుతారు? కేబుల్ పీకితే పీకనియ్యి. కేబుల్ లేకపోయినా మిషను పనిచేస్తుంది.

తేదీ సంగతి. నీకు కాబట్టి చెబుతున్నాను. ఆ ప్రోగ్రాము చేసిన కంపెనీ మూతపడి చాలా కాలమైంది. దాని లైసెన్సుకి ఆరేళ్ళ కిందట గడువు తీరింది. ఒకరోజు పొద్దున తెరిస్తే "గడువు ముగిసింది" అని నిలబడిపోయింది. బయట నలభై మంది. చేతిలో రక్తం గొట్టాలు. ఏం చెయ్యను? తేదీ వెనక్కి తిప్పాను. గడువింకా ఉందనుకుని మారుమాట లేకుండా తెరుచుకుంది. మేనేజరు చెయ్యి కలిపి "ల్యాబు నిలబెట్టారు" అన్నాడు. అప్పటినుంచి అదే పద్ధతి. రిపోర్టు మీద తేదీ పడే చోట మనం ఎలాగూ రబ్బరు స్టాంపు వేస్తాం. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

చీటీలో ఉన్నది చెయ్యి. కూరలో ఉప్పెందుకని అడిగి వేస్తామా?

పిన్ని దగ్గరికి వెళ్ళి వస్తూ ఉండు. ఒక్కతే ఉంటుంది. కేన్సరు తగ్గినవాళ్ళు ఆరు నెలలకోసారి వచ్చి చేయించుకునే రక్తపరీక్షలుంటాయి చూడు, రోగం తిరగబెడితే అంకె పెరిగేవి, అవి మాత్రం నువ్వు చెయ్యకు. నేనొచ్చేదాకా టెక్నీషియనుకి ఇచ్చెయ్యి.

బాబాయ్

* * *

ల్యాబు, మధ్యాహ్నం
జూన్ 17

బాబాయ్,

నీ ఉత్తరం రావడానికి ఒక్కరోజు ముందే అలాంటి పరీక్ష ఒకటి చేసేశాను. అందుకే హాస్టలుకి వెళ్ళేదాకా ఆగలేక ఇక్కడే కూర్చుని రాస్తున్నాను.

మన ఆస్పత్రికి దుప్పట్లు, కోట్లు కుట్టే దర్జీ ఆవిడ నీకు తెలుసు కదా. రక్తం ఇచ్చి వెళ్ళి, సాయంత్రం రిపోర్టుకొచ్చింది. మన కాగితం మీద "గతం 60, ఇప్పుడు 55, తగ్గింది" అని ఉంది. డ్యూటీ డాక్టరు కింది వరస చూసి "బాగుందమ్మా, ఆరు నెలల తర్వాత రా" అన్నాడట. ఆవిడ ఆనందంతో నా దగ్గరికొచ్చి, ఆ కాగితం భద్రంగా పెట్టుకోవడానికి తన ప్లాస్టిక్ కవరు తీసింది. ఎనిమిదేళ్ళ రిపోర్టులన్నీ అందులో వరసగా పెట్టుకుంది, బాబాయ్. బట్టల కొలతల కాగితాల్లాగా ఎక్కడా ఒక్క మడత కూడా లేదు.

నాకు కొత్త అక్షరాలు కనబడితే చదవకుండా ఉండలేను కదా. చదివాను. ఆరు నెలల కిందట 9. అంతకుముందు 4. అంతకుముందు కూడా 4. మరి 60 ఎక్కడిది? వెతికితే అన్నిటికన్నా అడుగున ఉంది. ఎనిమిదేళ్ళ కిందటిది, ఆపరేషనుకి ముందుది.

అంటే 9 నుంచి 55కి పెరిగింది. మనం తగ్గిందని రాసిచ్చాం.

నేను ఏం తప్పు నొక్కాను? నువ్వు చెప్పినట్టే తేదీ పెట్టాను. నంబరు సరిగ్గానే కొట్టాను, రెండుసార్లు చూసుకున్నాను. నా వల్లే జరిగిందా? ఆవిడ నా కోటు జేబు ఊడి ఉండడం చూసి, కుట్టి ఇస్తానని విప్పించి తీసుకెళ్ళింది. ఆవిడ మెట్లు దిగుతుంటే పిలవాలనుకున్నాను. పిలవలేదు. రేపు పొద్దున డ్యూటీ డాక్టరుకి చెబుతాను. కానీ ముందు నువ్వు చెప్పు. నా తప్పా?

త్వరగా రాయి.

* * *

వార్డు
జూన్ 22

అమ్మాయీ,

అప్‌గ్రేడ్ చేయించెయ్యి. ముప్ఫై దాకా ఆగొద్దు. నెట్‌వర్క్ ఆయన్ని రేపే రమ్మను. ఆలోచిస్తే ఆయన చెప్పిందే నిజం. వైరస్ వస్తే ఆస్పత్రికే ముప్పు. పాత ఫలితాలు ఎవరికీ అక్కర్లేదు. చూడాల్సినవాళ్ళు ఎప్పుడో చూసేశారు.

పాత ఫైళ్ళు తెరవకు. నీకు పరీక్షలు దగ్గర పడుతున్నాయి, చదువుకో.

బాబాయ్

* * *

హాస్టలు
జూన్ 26

బాబాయ్,

నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకున్నాను. పదకొండో తేదీన గోడ కూలుతుందన్నావు. ఇరవై రెండో తేదీన గోడని రేపే కూల్చమన్నావు. మధ్యలో జరిగింది ఒక్కటే. నేను దర్జీ ఆవిడ గురించి రాశాను.

నా తప్పా అని అడిగాను. నువ్వు దానికి జవాబు రాయలేదు. ఉత్తరం వెనకవైపు కూడా తిప్పి చూశాను.

పద్దెనిమిదో తేదీనే డ్యూటీ డాక్టరుకి చెప్పాను. మళ్ళీ రక్తం తీసి బయటి ల్యాబుకి పంపాం. 56. ఆవిడకి రోగం తిరగబెట్టింది. తప్పు నాదే అనుకుని ఆ నాలుగు రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. చివరికి పట్టుకున్నాను. మిషను దృష్టిలో ఈ రోజంటే ఎనిమిదేళ్ళ కిందటి ఈ రోజు. మనం ఆరేళ్ళుగా చేసినవన్నీ అది పాత తేదీలతోనే దాచుకుంది. నిజంగా ఆ పాత తేదీల్లో చేసినవి కూడా అక్కడే ఉన్నాయి. రెండూ కలిసిపోయాయి. గతం ఫలితం చూపించమంటే దాని తేదీల వరసలో ఏది దగ్గరుంటే అది తీసి ఇస్తుంది. దర్జీ ఆవిడ ఆరు నెలల కిందటి 9 కన్నా, ఎనిమిదేళ్ళ కిందటి 60 దానికి దగ్గర. అంతే. ఎవరూ ఏమీ తప్పు నొక్కక్కర్లేదు.

ఇది నాలుగు రోజుల్లో నాకు తెలిసింది. నీకు ఆరేళ్ళలో తెలియలేదంటే నేను నమ్మను. నాకు సూది పట్టడం నేర్పింది నువ్వు. గొట్టం మీద పేరు రాయకముందు సూది ముట్టొద్దని నా చేతి మీద కొట్టింది నువ్వు.

నెట్‌వర్క్ ఆయన నిన్న, గడువుకి ముందే వచ్చాడు. పాత ఫలితాలు చూడాల్సిన పని ఉంది, రెండు వారాలాగండి అన్నాను. "ఆగేది లేదు" అని కేబుల్ పీకేసి, దాన్ని చుట్టచుట్టి తన సంచీలో వేసుకెళ్ళాడు. ఇప్పుడు నీ కంప్యూటరు ఒంటరిగా ఉంది. తుడవలేదు. తుడవనివ్వలేదు.

ఎంతమంది, బాబాయ్?

* * *

వార్డు
జూలై 2

తల్లీ,

నీ తప్పు కాదు. ముందు ఇది రాసి తర్వాత మిగతాది రాయాలి. పోయిన ఉత్తరంలో రాయాల్సింది. పెన్ను పట్టుకుని ఆ మాట దగ్గర ఆగాను. రాస్తే తర్వాతి మాట ఏం రాయాలో తెలియక మానేశాను. నువ్వు నాలుగు రోజులు అన్నం మానేశావని చదివాక పలక తీసుకుని "నేను మనిషినేనా" అని రాశాను. లారీ డ్రైవరు కింద "ఏమైంది" అని రాశాడు. తుడిచేశాను.

తేదీ తిప్పిన మొదటి వారంలోనే నాకు తెలుసు. ఒకాయన రిపోర్టులో ఇలాగే తప్పు గతం పడింది. అప్పుడే ఒక నల్ల పుస్తకం పెట్టాను. ఈ పరీక్ష చేయించుకునే ప్రతి మనిషి అసలు గతం అందులో రాసుకుని, మిషను ఇచ్చింది కొట్టేసి, చేత్తో సరిదిద్ది ఇచ్చేవాణ్ణి. నాలుగేళ్ళలో ఒక్కటి కూడా తప్పిపోనివ్వలేదు. అది నా గొప్ప అనుకునేవాణ్ణి. మిషను తప్పితే నేనున్నానని.

తర్వాత ముగ్గురం ఇద్దరమయ్యాం. రెండో కౌంటరు కూడా నాకే ఇచ్చారు. గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు మొదలైంది అప్పుడే. పుస్తకం తీసి వెతకడానికి ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. ఒకరోజు తియ్యలేదు. ఏమీ జరగలేదు. రెండో రోజు తియ్యలేదు. డాక్టర్లు చూస్తారులే అనుకున్నాను. పాత డాక్టరుకి ప్రతి పేషెంటూ తెలుసు, ఆయన పట్టుకునేవాడు. ఆయన వెళ్ళిపోయాక ఆరు నెలలకొకరు మారారు. వాళ్ళు కింది వరస ఒక్కటే చూస్తారు. నాకు తెలుసు. తెలిసీ తియ్యలేదు. రెండేళ్ళు.

ఎంతమందో నాకు తెలియదు. లెక్క చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని చూడలేదు.

అందుకే అప్‌గ్రేడ్ వద్దన్నాను మొదట. అది ఉన్నంతకాలం, ఎప్పుడో ఒకరోజు తిరిగొచ్చి, పుస్తకం తీసి, అందరివీ సరిచేస్తాననుకున్నాను. నువ్వు దర్జీ ఆవిడ గురించి రాసేసరికి తుడిచెయ్యమన్నాను. రెండూ అబద్ధం కాదు. ఒకటి ఆశ, ఒకటి భయం.

ఇప్పుడు అడుగుతున్నాను, సిగ్గు విడిచి. తుడిచేస్తే ఎవరికీ తెలియదు. మేము ఉండే క్వార్టరు నా ఉద్యోగంతో వచ్చింది. పిన్నికి ఇంకెక్కడా నీడ లేదు. చనిపోయినవాళ్ళు తిరిగి రారు. నేనూ ఎంతో కాలం ఉండను. నీ చదువు పూర్తి కాలేదు, నా ఇంటిపేరే నీ ఇంటిపేరు కూడా, రేపు నీకు ఏ ల్యాబులో ఉద్యోగమిస్తారు? ఇవన్నీ నిజాలే. నిజాలన్నీ కలిపి ఒక తప్పు అడుగుతున్నాను. తెలిసే అడుగుతున్నాను.

నల్ల పుస్తకం మిషను వెనక, పాత ప్రింటరు డబ్బాలో ఉంది. ఆ సంగతి రాయకుండా ఉందామని ఉత్తరం మడిచాను. మళ్ళీ విప్పి రాస్తున్నాను.

బాబాయ్

* * *

ల్యాబు
జూలై 19

బాబాయ్,

పదిహేడు రోజులు జవాబు రాయనందుకు కోపగించుకోకు. రాసేంత పెద్ద మాట ఏదీ దొరకలేదు. కొత్త మాట దొరికితే చాక్లెట్టు దొరికినట్టు ఎగిరేదాన్ని, ఈ నెలలో ఒక్క కొత్త మాటా రాసుకోలేదు.

నీ ఉత్తరం అందిన రోజు డబ్బా వెతికి పుస్తకం తీశాను. దాన్ని బల్ల మీద పెట్టుకుని చాలాసేపు తెరవలేదు. నువ్వడిగిందే చేద్దామని కూడా అనుకున్నాను. నువ్వు తెలుసుకోవాలని రాస్తున్నాను. నెట్‌వర్క్ ఆయనకి ఒక్క ఫోను చేస్తే చాలు. పిన్ని ముఖం గుర్తొచ్చింది, నా ఉద్యోగం గుర్తొచ్చింది. అంతలో తలుపు తీసుకుని దర్జీ ఆవిడ వచ్చింది. జేబు కుట్టిన కోటు ఇచ్చి, "ఇంకోసారి ఊడితే చెప్పమ్మా, ఈసారి గట్టి దారం వేశాను. ట్రీట్‌మెంటు మొదలైతే చేతులు వణుకుతాయంటున్నారు, ఇప్పుడే పని ఉంటే తెచ్చెయ్" అంది. ఆవిడ వెళ్ళాక పుస్తకం తెరిచాను.

రోజుకి కొన్ని చొప్పున, ప్రోగ్రాములో ఉన్న ప్రతి మనిషినీ తెరిచి కాగితం మీద దింపాను. వెనక్కి తిప్పిన తేదీలన్నీ ఎనిమిదేళ్ళు ముందుకి జరిపి, నీ పుస్తకంతో కలిపి చూశాను. పదకొండు రోజులు పట్టింది. తప్పు గతం పడ్డవాళ్ళు ముప్ఫై ఒక్క మంది. అందులో పద్నాలుగు మందికి ఏ గతంతో చూసినా అర్థం మారలేదు. మిగిలింది పదిహేడు మంది. పెరిగినా మనం తగ్గిందని, మార్పు లేదని రాసిచ్చినవాళ్ళు.

ఆ కాగితాలు మన ఆస్పత్రి పెద్ద డాక్టరమ్మకి ఇచ్చాను. చదివి, "ఇది ఇంకెవరు చూశారు?" అంది. ఎవరూ లేరన్నాను. తలుపు వెయ్యమంది. ఆ మాట వినగానే నా పని అయిపోయిందనుకున్నాను, దాచెయ్యమంటుందని. ఆవిడ రెండోసారి మొదటి కాగితం నుంచి చదివింది. ఒక పేరు దగ్గర ఆగి, "ఈయనకి నేనే చెప్పాను, బాగుందని" అంది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత మేనేజరుని పిలిపించింది. అతను చదవకుండానే, "ముందు ఆ కంప్యూటరు అప్‌గ్రేడ్ చేయించెయ్యండి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. ఆవిడ, "మీరు ల్యాబులోకి అడుగు పెడితే నేను మీకన్నా ముందు పోలీస్ స్టేషన్లో ఉంటాను" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

అందరికీ ఫోన్లు చేశాం. నేనూ ఆవిడా పక్కపక్కన కూర్చుని. పదిహేడు మందిలో ఎనిమిది మంది దొరికారు. మళ్ళీ రక్తం తీశాం. ఐదుగురికి ఇంకా చెయ్యగలిగింది ఉందంది డాక్టరమ్మ, వాళ్ళలో దర్జీ ఆవిడ ఒకరు. ముగ్గురికి లేదు. ఇద్దరి ఆచూకీ తెలియలేదు. ఏడుగురు చనిపోయారు.

చనిపోయినవాళ్ళ ఇళ్ళకి ఫోను చేసినప్పుడు ఏం చెప్పాలో మాకు తెలియలేదు. ఒక ఇంట్లో కూతురు ఎత్తింది. మా రిపోర్టులో తప్పు జరిగిందని చెప్పాను. ఏ తేదీ రిపోర్టని ఆ అమ్మాయి అడిగి రాసుకుంది. తర్వాత, "అమ్మ కడుపునొప్పంటుంటే నేనే తిట్టాను. రిపోర్టులో తగ్గిందని ఉంది కదా, నాటకాలాడకన్నాను" అంది. ఫోను పెట్టెయ్యలేదు. నేనూ పెట్టలేదు.

పిన్నికి నేనే చెప్పాను. చేతిలో ఉన్న చేట కింద పెట్టింది. "ఆ సవతి ఇంత పని చేసిందా" అంది. వెంటనే, "దాని మీదకి నెట్టకూడదు కదూ" అంది. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే గిన్నెలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. ఎవరూ ఖాళీ చెయ్యమనలేదు పిన్నీ అంటే, "అనేదాకా ఉండాలా?" అంది.

విచారణకి ఒకాయన వస్తాడు, నీ మంచం దగ్గరికి. పలక మీద కాదు, కాగితం మీద రాయించుకుంటాడట. నీ జూలై రెండో తేదీ ఉత్తరం అతనికి ఇవ్వాలా అని డాక్టరమ్మ అడిగింది. అది నాకు రాసింది, ఆయనే మళ్ళీ రాస్తారు అన్నాను. రాస్తావు కదా.

మొన్న పదహారో తేదీన నెట్‌వర్క్ ఆయన్ని నేనే పిలిచాను. మిషను ఆపేశారు, పరీక్షలన్నీ బయటికి పంపుతున్నారు. కాగితాల మీదకి దింపడం అయిపోయింది, ప్రతి కాగితం మీదా డాక్టరమ్మ సంతకం పెట్టింది, విచారణకి డిస్కు నకలు ఒకటి తీయించి తన బీరువాలో పెట్టింది. "ఈసారైనా చెయ్యమంటారా?" అన్నాడాయన. చెయ్యమన్నాను. డిస్కు తుడిచే ముందు "ఖాయమా?" అని తెర మీద అడిగింది. "మీరే నొక్కండి, మీ బాబాయి కోపం నాకు తెలుసు" అన్నాడు. నేనే నొక్కాను. ముప్పావు గంటలో కొత్త తెర వచ్చింది, నీలంగా, శుభ్రంగా. తేదీ దానంతటదే పెట్టుకుంది. ఈ రోజు తేదీ.

నిన్ను ఏమనుకుంటున్నానో అడగకు. ఇంకా తెలియదు. ఉత్తరాలు మాత్రం రాస్తాను. చనిపోయిన ఏడుగురి పేర్లు వేరే కాగితం మీద రాసి జత చేస్తున్నాను. నువ్వు చూడాలనిపించింది.

వాగుడుకాయ

* * *

వార్డు
జూలై 27

తల్లీ,

విచారణ ఆయన నిన్న వచ్చాడు. ఆరు కాగితాలు రాసిచ్చాను. కౌంటర్ల సంగతి, మనుషుల్ని తగ్గించిన సంగతి రాశాను. అవి నా తప్పుకి ముందు రాయకుండా తర్వాత రాశాను. అతను చదివి, "గట్టిగా ఉంది" అన్నాడు. గట్టిగా ఉందంటే ఏమిటో అడగలేదు. లారీ డ్రైవరు కూడా చదివాడు. ఆ పూట నా కంచం అతనే కడిగాడు.

పిన్నిని అట్టపెట్టెలు విప్పమను. లేదా విప్పొద్దను. నాకు తెలియదు.

నువ్వు పంపిన కాగితం దిండు కింద ఉంది. ఏడు పేర్లు. రోజూ చదువుతున్నాను. ఒక్క పేరు కూడా నాకు ముఖంగా కనపడడం లేదు, తల్లీ. ఇరవై రెండేళ్ళు గొట్టాల మీద పేర్లు రాశాను. రాసి, సూది తీసేసరికి మర్చిపోయేవాణ్ణి. నాకు గుర్తుండేది చేతులే.

ఎడమ చేతికి నరం దొరకని పెద్దాయన ఒకరు. మణికట్టు దగ్గర తీసేవాణ్ణి. నొప్పిగా ఉందా అంటే "మీకేం నొప్పి, గుచ్చేది మీరేగా" అని నవ్వేవాడు. మోచేతి మడతలో కాలిన మచ్చ ఉన్నావిడ ఒకరు, ఆ మచ్చ పక్కనే నరం. ఇంకొకాయన చేతి మీద నూనె మరకలు, ఎంత దూది పెట్టి రుద్దినా పోయేవి కావు. సూది చూడగానే నరం లోపలికి జారిపోయే సన్నటి చెయ్యి ఒకటి, వేడి నీళ్ళ సీసా పట్టించి కూర్చోబెట్టేవాణ్ణి. ఒక టీచరమ్మ, వేళ్ళకి సుద్ద. ఆవిడ ఈ ఏడాది ఒక్కసారే వచ్చింది. చెయ్యి చాపేలోపే స్లీవు మడిచి సిద్ధంగా ఉండే ఆయన ఒకరు.

ఇంకొకావిడ. కళ్ళు గట్టిగా మూసుకుని పైకి లెక్కపెట్టేది. ఒకటి, రెండు, మూడు. పదకొండు దగ్గరికొచ్చేసరికి గొట్టం నిండేది. ఒకసారి నేను కావాలనే మెల్లిగా తీశాను, పదిహేడు దాకా వచ్చింది. కళ్ళు తెరిచి, "మోసం చేశారు మాస్టారూ" అంది.

వీళ్ళు ఆ ఏడుగురో, కాదో కూడా తెలియదు. ఈ రెండేళ్ళలో రావడం మానేసిన చేతులు ఇవి. అంతే తెలుసు. మీ కాగితాల్లో పేరూ, నంబరూ, అంకే ఉంటాయి, చేతుల సంగతి ఉండదు. అయినా ఒకసారి చూడు. ఆ లెక్కపెట్టే ఆవిడ మన క్వార్టర్ల వెనక వీధిలోనే ఉండేది, నీలం గేటు ఇల్లు. వెళ్ళి పేరేమిటో కనుక్కో. తలుపు ఆవిడే తీస్తే, ఏమీ చెప్పకు, మంచినీళ్ళడిగి తాగి వచ్చెయ్యి.

బాబాయ్